ఉల్క పడిన చోట రాగీ, నికెలూ

కెనడా వెళ్ళి వచ్చానని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, "నయాగరా చూశారా?" అని. చూశాను. ఆ జలపాతాన్ని గురించి వ్రాసినవారు ఇప్పటికే చాలామంది ఉన్నారు కనుక దాన్ని వారికే వదలి, సడ్‌బరీ అనే ఊరి సంగతి చెబుతాను. టొరంటో నగరానికి ఉత్తరంగా సుమారు 400 కిలోమీటర్ల దూరాన ఉన్నదది. దారి పొడుగునా బండలు, చెరువులు, తెల్లని బెరడు గల బర్చి చెట్లు. మళ్ళీ చెరువులు, మళ్ళీ బండలు.

మన ఊళ్ళ పొలిమేరలో పోతురాజు ఉంటాడు గదా! ఆ ఊరి అంచున గుట్టమీద ఒక నాణెం ఉన్నది. తొమ్మిది మీటర్ల ఎత్తు. 1951లో కెనడా ప్రభుత్వం ముద్రించిన అయిదు సెంట్ల బిళ్ళకు అది పెద్ద నకలు. 1964లో నిలబెట్టారు. 1951 సంవత్సరమే ఎందుకంటే, దానికి సరిగ్గా రెండు వందల ఏళ్ళ క్రితం, 1751లో, క్రోన్‌స్టెట్ అనే స్వీడన్ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు నికెలును విడదీసి, ఇది వేరే లోహమని లోకానికి చెప్పాడు.

ఆ లోహానికి పేరు వచ్చిన కథ తెలుగు పాఠాలు చెప్పుకొనే నాబోటివాడికి మహా రుచించింది. జర్మనీ గనుల్లో పనివాళ్ళకు ఎర్రని రాయి ఒకటి దొరికేదట. చూస్తే రాగిరాయిలా ఉండేది. కొలిమిలో పెడితే మటుకు రాగి దిగేది కాదు. ఏదో కొంటె దయ్యం రాగిని మాయం చేస్తున్నదని వాళ్ళు దానికి 'రాగి దయ్యం' అని పేరు పెట్టారు. రాగి అనే ముక్క జారిపోయి దయ్యం ఒక్కటీ మిగిలింది. అదే నికెలు! ఈ దయ్యాన్ని మనమూ ఎరుగుదుము. మా నాయనమ్మ కొయ్యపెట్టెలో దాచుకొన్న అంచులు వంపులు తిరిగిన అణాబిళ్ళ రాగీ నికెలూ కలిపి పోసినది. నేడు మన వంటింట్లో స్టీలు గిన్నె తళతళలాడుతూ తుప్పు పట్టకుండా ఉన్నదంటే అందులోనూ కొంతవరకు ఈ దయ్యం చలవ ఉన్నది.

ఇంత నికెలు ఆ మారుమూలకు ఎలా చేరింది? సుమారు 185 కోట్ల సంవత్సరాల క్రితం ఆకాశంనుంచి ఒక మహాశిల వచ్చి అక్కడ పడింది. ఆ దెబ్బకు భూమి కరిగి సముద్రంలా మరిగింది. వెన్న కాచినప్పుడు నెయ్యి పైకి తేలి గసి అడుగున చేరినట్లు, గంధకంతో కలిసిన రాగీ నికెలూ బరువుకొద్దీ అడుగుకు దిగి అంచుల్లో పేరుకొన్నాయి. తరువాత భూమి నొక్కుడుకు ఆ గుంట కోలగా మారింది. ఇప్పుడు దాని పొడవు సుమారు 60 కిలోమీటర్లు, వెడల్పు 30. గనులన్నీ విస్తరి అంచు వెంబడి వడ్డించినట్లు దాని చుట్టూ ఉన్నాయి. ఇది ఉల్క పనేనని 1964లో రాబర్ట్ డీట్జ్ అనే శాస్త్రజ్ఞుడు వాదించినప్పుడు చాలామంది నమ్మలేదు. ఆ తాకిడికి రాళ్ళలో ఏర్పడిన శంకువులవంటి చారలే సాక్ష్యం పలికాయి. చంద్రుడి మీదికి వెళ్ళబోయే అపోలో వ్యోమగాములు 1971, 72లలో ఇక్కడికి వచ్చి ఆ రాళ్ళవద్ద పాఠాలు నేర్చుకొని వెళ్ళారు.

నిధి ఉన్నంత మాత్రాన సరిపోదు, కంటబడాలి. 1856లో సాల్టర్ అనే సర్వేయరు ఆ అడవిలో కొలతలు వేస్తూ ఉంటే దిక్సూచి ముల్లు దారి తప్పింది. ప్రభుత్వ భూగర్భశాఖకు చెందిన అలెగ్జాండర్ మర్రే అక్కడికి వెళ్ళి రాళ్ళు తెచ్చాడు. పరీక్షిస్తే రాగీ నికెలూ ఉన్నాయని తేలింది. నివేదిక అచ్చయింది. ఎవరూ కదలలేదు! ఇరవైయేడు ఏళ్ళు గడిచాక, 1883లో, రైలుదారి వేయటానికి బండలు పగలగొడుతున్నారు. అక్కడ పనిచేసే ఫ్లానగన్ అనే కమ్మరి తుప్పురంగు మట్టిని చూసి, ఇదేమిటని ఆగాడు. అప్పుడు మొదలైంది సందడి. 1886లో రిచీ అనే ఒహాయో వ్యాపారి 'కెనడియన్ కాపర్ కంపెనీ' పెట్టాడు. రాగి కోసం తవ్వితే దయ్యం బయటపడింది. దాన్ని రాగినుంచి విడదీయటం పెద్ద తలనొప్పి అయి కూర్చున్నది. ఇంతలో నికెలు కలిపిన ఉక్కు గట్టిదనాన్ని నౌకాదళాలు గుర్తించి యుద్ధనౌకల కవచాలకు వాడటం మొదలుపెట్టాయి. పీడ అనుకొన్నదే పెన్నిధి అయింది. 1902లో ఆ కంపెనీ మరికొన్నిటితో కలిసి ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీగా మారి, దశాబ్దాల తరబడి లోకానికి నికెలు సరఫరా చేసింది.

రెండవ పెద్ద కంపెనీ కథ ఇంకా చిత్రమైనది. అందులో మొదటి పాత్ర విద్యుద్దీపాల ఎడిసన్. తాను తయారు చేస్తున్న బ్యాటరీలకు నికెలు కావలసి 1901లో స్వయంగా సడ్‌బరీ వచ్చాడు. అయస్కాంతపు సూది పట్టుకొని అడవి గాలించి, ఫాల్కన్‌బ్రిడ్జి అనేచోట సూది వంగితే అక్కడ గొయ్యి తవ్వించాడు. కొంతలోతు పోగానే ఊబి ఇసుక తగిలింది. విసిగి 1903లో వదలిపెట్టి పోయాడు. తరువాత మరొకరు అదే పరిసరాల్లో వజ్రాలు తాపిన బరమాతో తొలిపించి చూస్తే ఇసుక కింద లోహపు రాయి కనబడింది. 1928లో థేయర్ లిండ్‌స్లీ అనే ఇంజనీరు ఆ హక్కులు కొని ఫాల్కన్‌బ్రిడ్జి కంపెనీ పెట్టాడు. రాగినీ నికెలునూ విడదీసే విద్య నార్వే దేశంలో ఒక కర్మాగారం చేతిలో ఉంటే, మరుసటి ఏడే దాన్నీ కొన్నాడు. సడ్‌బరీలో సగం శుద్ధి అయిన ముద్ద ఓడలెక్కి నార్వే వెళ్ళటం ఆనాడు మొదలైంది. ఇంటర్నేషనల్ నికెల్‌ను 2006లో బ్రెజిల్‌వారి వాలే కంపెనీ కొన్నది. ఫాల్కన్‌బ్రిడ్జి అదే సంవత్సరం చేతులు మారి, 2013 నుంచి గ్లెన్‌కోర్‌లో భాగమైంది. పేర్లు మారినా ఆ ఓడ ప్రయాణం మటుకు ఆగలేదు.

ఇక నేను అంతదూరం ఎందుకు వెళ్ళానో చెప్పాలి. మా మేనల్లుడు అక్కడ భూగర్భ శాస్త్రజ్ఞుడు. పెద్ద కంపెనీలో కాదు. గని అంటూ ఒక్కటీ లేని చిన్న కంపెనీలో. ఏటా షేర్లు అమ్మి డబ్బు పోగుచేసి, ఆ డబ్బుతో అడవిలో రంధ్రాలు తొలిపించటమే దాని పని. ఈ మాట విన్నప్పటినుంచి మా అక్కయ్యకు కంటిమీద కునుకు లేదు. దానికి కారణం ఉన్నది. మా బావగారిది అనంతపురం జిల్లా. వేరుశనగ పొలంలో నీళ్ళకోసం మూడేళ్ళలో నాలుగు బోర్లు వేయించారు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకొని పాయింటు చూసేవాడు చూపిన ప్రతిచోటా దుమ్మే లేచింది. నాలుగు బోర్లకూ నాలుగు ఎకరాలు పోయాయి. "తండ్రి బోర్లు వేసి పొలం పోగొట్టాడు. కొడుకు బోర్లు వేసి ఏం పోగొడతాడో, ఒక్కసారి కళ్ళతో చూసి రా తమ్ముడూ" అని అక్కయ్య నన్ను పంపింది.

మేనల్లుడు నన్ను అడవిలోకి తీసుకుపోయాడు. నల్ల ఈగలు కుట్టకుండా మొహానికి వల కట్టుకొని నడిచాం. మన బోరు లారీలాంటిదే ఒక యంత్రం రాత్రింబగళ్ళు తిరుగుతున్నది. మన బోరు రాయిని పొడి చేసి పైకి ఊదేస్తుంది. ఇది రాయిని చక్రంలా కోసి, లోపలి రాతికడ్డీని చెక్కుచెదరకుండా పైకి తెస్తుంది. రోకలికన్నా కాస్త సన్నం. ఆ కడ్డీలను వరుసగా పెట్టెల్లో సర్ది, ఎంత లోతునుంచి వచ్చిందో ప్రతి పెట్టెమీదా వ్రాస్తారు. తరువాత నిలువునా రెండుగా కోసి, ఒక సగం పరీక్షకు పంపి, రెండవ సగం భద్రం చేస్తారు. షెడ్డులో వాడొక కడ్డీ తడిపి చూపించాడు. బూడిదరంగు రాతిలో ఇత్తడి పొడి చల్లినట్లు మెరుపులు. "ఆ పసుపు రాగి, మామయ్యా. ఈ కంచురంగులో నికెలు దాగి ఉంటుంది" అన్నాడు.

"అయితే దొరికినట్లేనా?"

"ఇది జానెడు మందం. గని కావాలంటే ఇలాంటిది ఎన్నో మీటర్లు, ఎంతో దూరం సాగాలి."

"మరి మీ నాన్న బోరుకూ, నీ బోరుకూ తేడా ఏమిటిరా?" అని అడిగేశాను.

వాడు నొచ్చుకోలేదు. కాసేపు ఆలోచించి ఇలా అన్నాడు: "నాన్న బోరు ఎండిపోతే మిగిలింది అప్పు ఒక్కటే. ఎంత లోతున ఏ రాయి తగిలిందో ఎవరూ వ్రాసిపెట్టలేదు. రెండవ బోరు మొదటిదానినుంచి ఏమీ నేర్చుకోలేదు. ఇక్కడ వట్టిపోయిన రంధ్రం కూడా లెక్కలో ఉంటుంది. హక్కు నిలుపుకోవాలంటే చేసిన పని ప్రభుత్వానికి నివేదించాలి. అర్ధ శతాబ్దం నాటి కడ్డీల లెక్కలు నేనిప్పుడు చదువుతున్నాను. రంధ్రంలోకి విద్యుత్ పరికరం దింపితే చుట్టుపక్కల లోహం ఉన్నదీ లేనిదీ కూడా ఆచూకీ చెబుతుంది. ఇంకొక తేడా. నాన్న పెట్టింది మా తిండిగింజల డబ్బు. ఈ షేర్లు కొన్నవాళ్ళకు పోవచ్చునని ముందే చెప్పి తీసుకొంటాం."

"పోతుందా?"

"చాలాసార్లు పోతుంది, మామయ్యా."

ఆ నిజాయితీ నాకు నచ్చింది. అబద్ధం ఆడినవాళ్ళూ ఆ దేశంలో లేకపోలేదు. బ్రె-ఎక్స్ అనే కంపెనీ ఇండొనేషియాలో బంగారం ఉన్నదని చెప్పిందంతా 1997లో బూటకమని తేలి ఎన్నో కుటుంబాలు మునిగాయి. నమూనాల్లో బంగారపు పొడి కలిపారు! ఆ తరువాతనే, అర్హతగల నిపుణుడు బాధ్యత వహించి సంతకం పెట్టనిదే ఖనిజం లెక్కలు ప్రకటించరాదని కఠినమైన నిబంధనలు వచ్చాయి.

అదృష్టం పండిన కథ కూడా వాడే చెప్పాడు. లాబ్రడార్ తీరంలో వాయిసీస్ బే అనే చోటు ఉన్నది. వజ్రాలు వెతకమని ఒక చిన్న కంపెనీ చిస్లెట్, వర్బిస్కీ అనే ఇద్దరిని పంపింది. 1993లో హెలికాప్టరులో పోతూ కొండమీద తుప్పుమరక చూశారు. వజ్రాలు దొరకలేదు. మరుసటి ఏడు తొలిపిస్తే గొప్ప నికెలు, రాగి నిక్షేపం బయటపడింది. 1996లో ఇంటర్నేషనల్ నికెల్ దాన్ని 430 కోట్ల కెనడా డాలర్లకు కొన్నది. అంత పెద్ద కంపెనీ చిన్నవాళ్ళకు అంత డబ్బు ఎందుకు పోయాలి? గని రోజూ తరిగే ఆస్తి. ఎత్తిన ప్రతి తట్టా గాదెలో గింజ తగ్గినట్లే. కొత్త చోటు వెతకని కంపెనీ విత్తనాలు వండుకు తిన్న రైతులాంటిది. అందుకే పెద్దవి పాత గనుల్లోనే ఇంకా లోతుకు పోతాయి. సడ్‌బరీలోని క్రైటన్ గని రెండు కిలోమీటర్లు దాటి దిగింది. సాల్టరు ముల్లు వంగింది ఆ చుట్టుపక్కలనే! ఆ లోతుననే న్యూట్రినోలను పరిశోధించినందుకు ఆర్థర్ మెక్‌డొనాల్డ్ 2015లో నోబెల్ బహుమతి పంచుకొన్నాడు.

ఇంత సంపదకూ ఆ నేల చెల్లించిన మూల్యం తక్కువది కాదు. మొదటి రోజుల్లో కట్టెల గుట్టలమీద రాయి పోసి నెలల తరబడి ఆరుబయట కాల్చేవారు. గంధకపు పొగకు చెట్టూ చేమా చచ్చి, మట్టి కొట్టుకుపోయి, బండలు మసిబారాయి. పొగ ఊరిమీద పడకుండా 1972లో 381 మీటర్ల గొట్టం కట్టారు. పొగ దూరం పోయింది, పోలేదని అనటానికి లేదు. దించుకొన్నది మరొక ఊరు. ఆ గొట్టాన్ని 2020లో పనిలోంచి తప్పించారు. ఈలోగా 1978లో ఊరివాళ్ళు పూనుకొని గుట్టలమీద చేతులతో సున్నం చల్లారు. గడ్డి విత్తారు. మొక్కలు నాటారు. కోటికి పైగా చెట్లు పెట్టారు. ఆ సున్నపు సంచులు మోసినవారిలో వేసవి సెలవుల విద్యార్థులే ఎక్కువ. నేను చూసిన పచ్చదనంలో చాలా భాగం నా వయస్సుకన్నా చిన్నది. అక్కడక్కడ దాని నడుమ నల్లని బండ ఇప్పటికీ తొంగిచూస్తుంది.

ఇప్పుడు ఒంటారియో రాష్ట్రంలో గని తెరవాలంటే, దాన్ని ఎలా మూస్తారో ముందే పథకం వ్రాసి ఇచ్చి, అందుకయ్యే డబ్బుకు హామీ చూపాలి. ఆ మాట విని ఆశ్చర్యపోయాను. నూరేళ్ళ మసి నేర్పిన పాఠం అది.

మేము తిరిగివచ్చేవేళకు యంత్రం ఆగింది. రెండవ రంధ్రంలో కూడా గని అనదగినది ఏదీ రాలేదు. పనివాళ్ళు గొట్టాలు పైకి లాగి, రంధ్రం నోరు మూసి, నేలంతా ఊడ్చి శుభ్రం చేస్తున్నారు. మేనల్లుడు లోతూ, రాయీ, రంగూ తన పుస్తకంలో పొందికగా వ్రాసుకొన్నాడు. కంపెనీ చేతిలో ఇంకొక్క రంధ్రానికి డబ్బు ఉన్నదట. చోటు ఎక్కడో ఈ రెండింటి లెక్కలు చూసి నిర్ణయించాలి అన్నాడు. ఆ రాత్రి వాడు బల్లముందు కూర్చుని ఆ లెక్కలు చూస్తూనే ఉన్నాడు. నేను మా అక్కయ్యకు ఫోను చేసి, "వీడు బోరు వేసేముందు చదువుతున్నాడక్కయ్యా, వేసిన తరువాత వ్రాస్తున్నాడు" అని మాత్రం చెప్పాను.