తంగేడుకు చెవి ఉంటుంది

మా ధర్మపురి పక్క భోగి రోజు ఇంటి చూరుకు కాప్పు కట్టే వాడుక ఉంది. వేపాకు, పిండికూర పూలు, తంగేడు పూలు కలిపి కడతారు. తంగేడును తమిళంలో ఆవారం అంటారు. పోయిన సంవత్సరం తంగేడు తెచ్చే పని నాకు పడింది. రోడ్డు పక్కన పసుపు గుత్తులు కనిపిస్తే నాలుగు కొమ్మలు విరుచుకొని వచ్చేశాను.

మా అవ్వకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. కొమ్మను చేతిలోకి తీసుకొని ఆకు మొదట్లో వేలితో తడిమింది. "ఇది తంగేడు కాదురా. దీనికి చెవి ఏదీ?" అంది.

"పూవు పసుపే కదవ్వా, ఏదైతే ఏమి?" అని నవ్వాను. ఆమె నవ్వలేదు. "మీ తాత ఉన్నప్పటినుంచీ ఈ చూరుకు వేరే పూవు ఎక్కలేదు" అని కొమ్మలు పక్కన పెట్టేసింది. పొద్దు గూకుతుంటే నాయన సైకిలు తీసుకొని మళ్ళీ పోవాల్సి వచ్చింది. నాకు చాలా సిగ్గేసింది.

నాయన తెచ్చిన కొమ్మలో చూస్తే నిజమే, ప్రతి ఆకు కాడ మొదట్లో గుండ్రంగా చిన్న చెవులున్నాయి! నేను తెచ్చింది సీమ తంగేడట. అది పెద్ద చెట్టయ్యే జాతి, లేతగా ఉన్నప్పుడు పొదలాగే కనిపిస్తుంది. పేరులో కూడా తంగేడు ఉంటే నేనేం చేసేది? తరువాత మా సైన్సు సారు చెప్పారు, తంగేడు శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా అనీ, ఆరిక్యులేటా అంటే లాటిన్‌లో చెవులు కలది అనీ. మా అవ్వ ఎన్నడూ బడి ముఖం చూడలేదు.

ఆ ధైర్యంతో మన ఊరి పూల పొదల మీద సారు ఇచ్చిన ప్రాజెక్టుకు కొమ్మలు ఎండబెట్టి అతికించాను. ఉణ్ణిచెడి, అదే లంటానా, మూడు రంగుల్లో దొరికితే మూడు మొక్కలని రాశాను. సారు మూడింటికీ గీత కొట్టారు. దాని ఒక్క గుత్తిలోనే నడుమ పసుపు, అంచున గులాబీ ఉంటుంది; పూవు ముదిరేకొద్దీ రంగు మారుతుంది. పైగా అది మన దేశపు మొక్కే కాదట. అమెరికా ఖండం నుంచి బ్రిటిషువారి కాలంలో తోటల కోసం వచ్చి అడవులను ఆక్రమించింది. తోటల్లో రకరకాలు కలిసి పుట్టిన సంకరం కాబట్టి దానికి ఏ పేరు పెట్టాలని పెద్ద పెద్దవాళ్ళకే తగవట.

అవ్వకు చెబితే ఒప్పుకోలేదు. "నేను పుట్టకముందు నుంచీ మన గట్టు మీద ఉంది, పరాయిది ఎట్లవుతుంది?" అంది. ఈ మాట సారుకు చెప్పాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఈ ఏడు భోగికి చెవులు చూసే కోశాను. అవ్వ తడిమి చూసి, ఏమీ అనకుండా దారం అడిగింది. ప్రాజెక్టులో తంగేడు పేజీకి మూడు పేర్లూ ఇంకుతో రాశాను. ఉణ్ణిచెడి పేజీలో పేరు ఇంకా పెన్సిలుతోనే ఉంది.