తుపాకి కఱ్ఱ

గురి చూచి కాల్చు విద్యయందు నిశ్చలత ప్రధానము. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండు తగులవలసిన నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు మాత్రమే. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012వ సంవత్సరమున లండను ఒలింపిక్ క్రీడలలో కంచు పతకము గెలిచినది ఈ పోటీయందే. ఇంత సూక్ష్మమైన గురికి గొట్టమెంత ముఖ్యమో, ఆ గొట్టమును భుజమునకును చెంపకును చేర్చు కఱ్ఱయు నంత ముఖ్యము.

నా కుమార్తెకు పదుమూడేండ్లు, ఎడమచేతివాటము గలది. అభ్యాసమునకు పోయినచోట నొక శిక్షకుడు, కఱ్ఱలన్నియు కుడిచేతివారికే చేయబడినవి గనుక చేయి మార్చుకొనుమనెను. బిడ్డ చిన్నబోయి యిల్లు చేరెను. రెండు చేతులు చాచి, వ్రేళ్ల నడుమ చిన్న రంధ్రము విడిచి, గోడమీది గడియారమును చూడుమంటిని. కుడికన్ను మూసినను గడియారము కనబడుచుండెను. ఎడమకన్ను మూయగనే మాయమయ్యెను. ఆమె చూపునకు ఎడమకన్నే నాయకుడు. అట్టియెడ చేయి మార్చుట తగదని తోచి, "అమ్మాయీ, కఱ్ఱనే మార్చుదము" అంటిని.

మాయింట నున్న గాలి తుపాకి గొట్టమును, మీటను నేను ముట్టలేదు. అవి యే చేతికైనను సమానమే. మోచేతి మడతనుండి చూపుడువ్రేలి మొదటి గణుపు వరకు ఆమెకు 12 అంగుళములు వచ్చెను. పాత కఱ్ఱ మీటనుండి వెనుక కొనవరకు 14 అంగుళములుండెను. ఆ రెండంగుళముల కొఱకే ఆమె మెడ వంచి, నడుము మెలిపెట్టుచుండెను.

కొండపల్లి బొమ్మలు చేయు తెల్లపొణికి తేలికయే గాని మిక్కిలి మెత్తన. కాశ్మీరమున పెరుగు అక్రోటు కఱ్ఱ శ్రేష్ఠమైనను మాకు దుర్లభము. కావున పాతయింటి టేకు దూలపు ముక్క నొకటి కొంటిని. ఏండ్ల తరబడి యారిన కఱ్ఱ వానకును ఎండకును వంకరపోదు. పిడికిలి పట్టుచోట కఱ్ఱ సన్నగిలును. అచ్చట చారలు అడ్డముగా వచ్చినచో విఱుగును. అందుచే చారలు పొడవునకు సాగునట్లు అట్టముక్కతో నమూనా గీసి, ఱంపముతో కోసితిని.

గొట్టము కూర్చుండు గాడి తొలచుటయే కష్టతమము. లోహమునకు దీపపుమసి నూనెతో పూసి, గాడిలో నొత్తి తీసి, మసి యంటినచోట మాత్రమే ఉలితో గీకవలెను. నెలదినములు సాయంకాలములందు మా వీధి వడ్రంగి ప్రక్కన నిలిచి హెచ్చరించుచుండెను. గుండు వెడలునపుడు స్ప్రింగు కుదుపునకు లోహము కదలరాదు గదా! చెంప యానుకొను దిమ్మను కుడిప్రక్కన నిలిపి, ఉప్పుకాగితముతో రుద్ది, అవిసెనూనె పలుచగా పలుమాఱులు పట్టించితిని.

కఱ్ఱ కుదిరినదో లేదో తెలిసికొనుటకు పరీక్ష సులభము. గుండు వేయని తుపాకిని గురిపటమువైపు కన్నులు మూసి భుజమున కానించుకొని, పిమ్మట తెఱవవలెను. కన్ను తనంత గురిగీతలో నిలిచిన కఱ్ఱ కుదిరినట్లే. ఆమె కన్నులు తెఱచి, కొంతసేపు కదలక నిలిచి, "నాన్నగారూ, ఇక మెడ వంచ నక్కఱలేదు" అనెను.

విద్యార్థులారా, గాలి తుపాకియు ఆటవస్తువు గాదు. పెద్దలు దగ్గఱ లేనిదే దానిని తాకకుడు. గుండు లేదని తెలిసినను మనుష్యునివైపు త్రిప్పకుడు. తలిదండ్రులారా, బిడ్డకు పనిముట్టు నీయదలచినపుడు మొదట బిడ్డను కొలిచి, పిమ్మట కఱ్ఱను కోయుడని నా మనవి.