ఆ రోజు స్టీరింగ్ దగ్గర ఎవరున్నారు?

మా అబ్బాయి మన బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. బండి కొనేటప్పుడు వాడు అడిగిన ఒక ప్రశ్న మీతో పంచుకోవాలనిపించింది.

మా నాన్నగారు పల్నాడులో సొంత ఊళ్లోనే ఉంటారు. మాది నల్లరేగడి పొలం. ఊరి నుంచి అక్కడికి కిలోమీటరున్నర డొంక. నిరుడు వానాకాలంలో ఆయన గట్టు మీద జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది. సెలవులకని మా ఆవిడ, బాబు ఊళ్లోనే ఉన్నారు. నేను హైదరాబాద్‌లో ఉన్నాను. ఆవిడ కారు తీసుకుని బయల్దేరింది. సగం దారిలో ముందు చక్రాలు దిగబడ్డాయి. ట్రాక్టర్ వచ్చి లాగేసరికి గంట పట్టింది. ఆ గంటసేపూ నాన్నగారు వానలో గట్టు మీదే ఉన్నారు.

ఇప్పుడాయన కర్ర పట్టుకుని నడుస్తున్నారు. అయినా పొలం వెళ్లడం మానరు. అందుకే ఈసారి ఫోర్ బై ఫోర్ కొందామనుకున్నాం.

మీలో ఎవరైనా కొనబోతుంటే ఒక్క మాట. బండి ఎత్తుగా ఉంటే చాలదు. 2023 నుంచి థార్‌లో వెనుక చక్రాలకే శక్తి అందే రకం కూడా ఉంది. చూడ్డానికి రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఫోర్ బై ఫోర్ రకంలో గేర్ రాడ్ పక్కన మరో చిన్న లివర్ ఉంటుంది. జిమ్నీలోనూ అంతే. మామూలు రోడ్డు మీద టూ హెచ్. బురదలో, ఇసుకలో ఫోర్ హెచ్. మరీ కష్టమైన చోట ఫోర్ ఎల్. ఇందులో వేగం తగ్గి, లాగే బలం పెరుగుతుంది. "ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు సైకిల్‌కి చిన్న గేరు వేస్తాం కదా నాన్నా, అదే!" అన్నాడు మావాడు. పొడి తారురోడ్డు మీద మాత్రం ఫోర్ హెచ్ వాడకూడదు. మలుపులో ముందు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి. రెండింటినీ కలిపి బిగిస్తే లోపలి భాగాలపై ఒత్తిడి పడుతుంది.

ఇక గేర్లు. నేను మాన్యువల్ అన్నాను. ధర తక్కువ. పైగా బురదలో నడపాలంటే మాన్యువలే అని స్నేహితులందరూ అన్నారు. అప్పుడు మావాడు అడిగాడు: "ఆ రోజు కారు నడిపింది ఎవరు నాన్నా?"

నా దగ్గర జవాబు లేదు. అప్పుడే మా ఆవిడ మొదటిసారి నోరు విప్పింది. సగం క్లచ్ మీద బండిని ముందుకు, వెనక్కు ఆడిస్తుంటే కాలిన వాసన వచ్చిందట, కాలు వణికిందట. ఇన్నాళ్లూ నేనది అడగనేలేదు.

జిమ్నీ ఆటోమేటిక్ తీసుకున్నాం. నాలుగు గేర్లే, మైలేజీ కాస్త తక్కువే. కానీ క్లచ్ పెడల్ లేదు. టార్క్ కన్వర్టర్ వల్ల ఇంజిన్ ఆగిపోకుండా బండి నెమ్మదిగా పాకుతుంది. ఐదు తలుపులు కాబట్టి నాన్నగారు వెనుక సీట్లో కూర్చోవడమూ తేలికే.

ఇదేమీ మంత్రం కాదు. నల్లరేగడి టైరు గాళ్లలో నిండితే నాలుగు చక్రాలూ జారతాయి. ఫోర్ బై ఫోర్ ముందుకు లాగుతుందే గానీ, బ్రేకులకు అదనపు పట్టు ఇవ్వదు. ట్రాక్టర్ నంబర్ ఇప్పటికీ మా ఫోన్లలో ఉంది. మూడు ఆదివారాలు ఆవిడ ఆ డొంకలోనే సాధన చేసింది.

మొన్నటి వానకి నాన్నగారిని పొలం నుంచి ఇంటికి తెచ్చింది ఆవిడే. నేను పక్క సీట్లో కూర్చున్నాను.

మీ ఇంట్లోనూ పెద్ద వస్తువు కొనే ముందు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. బండికి డబ్బు కట్టేది మనమే కావచ్చు. కానీ అవసరం పడిన రోజు దాన్ని నడపాల్సింది ఎవరో వాళ్లకే ముందు గుర్తుకు రావచ్చు.