రేల పాట మోగే ఫోను

బస్సులో అమ్మ ఫోన్ చేస్తే కోయ మాట బయటికి వినబడకుండా తెలుగులోకి మారే పిల్లలు నాకు తెలుసు. మన పాటే నలుగురిలో మోగితే ఆ జంకు కొంత తగ్గుతుందనిపించింది.

మా పెద్దమ్మ పాడిన రేల పాటను ఫోన్‌లో రికార్డు చేశాను. ఆడాసిటీ ఉచిత సాఫ్ట్‌వేర్. ఒకసారి కంప్యూటర్‌లోకి దింపుకుంటే తర్వాత నెట్ అక్కర్లేదు. పాట అలల గీతలా కనబడుతుంది. గుంపు అందుకునే చోట పాతిక సెకన్లు ఉంచి, మిగతాది తీసేసి, చివర ఫేడ్ అవుట్ ఇచ్చి ఎంపీ3గా సేవ్ చేయాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో రింగ్‌టోన్స్ ఫోల్డర్‌లో పెట్టి, సెట్టింగ్స్‌లో ఎంచుకోవాలి.

అయితే పాడినవారిని అడగకుండా కత్తిరించకూడదు. "ఆటపాట తీసుకో, వేల్పు పాట వద్దు" అంది పెద్దమ్మ. పూర్తి పాటను ముందే వేరుగా దాచి, పాడినవారి పేరు, ఊరు రాసుకోవాలి. సమ్మక్క సారలమ్మల చరిత్ర పాడే సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. అలాంటి గొంతులు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి.

రింగ్‌టోన్ విన్న తొమ్మిదో తరగతి పిల్లాడొకడు "దీని తర్వాత ఏముంది సార్?" అన్నాడు. వాణ్ణి పెద్దమ్మ దగ్గరకు పంపాను.