హార్స్‌లీ కొండపై మా పాత మోటారు సైకిలు

మదనపల్లెనుండి హార్స్‌లీ కొండకు సుమారు 30 కిలోమీటర్ల దూరము. గడచిన కార్తికమాసమున మేము మా మామగారి పాత జావా మోటారు సైకిలుపై అచ్చటికి పోయివచ్చితిమి. కొండయందము చూచుటకే పోయితిమనుట పూర్తిగా నిజము గాదు. ఆ బండిని ఇంట నుంచుకొనుటయా, పాతయినుము క్రింద నమ్మివేయుటయా యను సంగతి తేల్చుకొనుటకు పోయితిమి.

జావా సంస్థ 1929లో ప్రేగు నగరమున పుట్టినది. దాని లైసెన్సుపై మైసూరు కర్మాగారమున 1961 నుండి ఈ బండ్లు తయారయ్యెను. తరువాత యెజ్డీ యను పేరుతో వచ్చెను. 1996లో ఆ కర్మాగారము మూతబడినది. మా మామగారు దానిపై ముప్పదియేండ్లు తిరిగిరి. వారు పోయిన పిమ్మట పదేండ్లు అది వసారాలో గోనెపట్టా క్రింద పడియుండెను. మొన్నటి వేసవిలో మావారు దానిని తుడిచి మరల నడుపసాగిరి.

నడచుట బాగుగనే నడచెను. దోషములు రెండు కనబడినవి. నిలిపిన చోటనెల్ల నూనె కారుచుండెను. బండి నిలిచియున్నప్పుడు ఇంజను మెల్లగా ఆడుటను మెకానిక్కులు ‘స్లో’ యందురు. ఆ స్లో కుదురలేదు. ఒకప్పుడు ఆరిపోవును, ఒకప్పుడు తనంతట తానే హోరుమని లేచును. మావారు ప్లగ్గు మార్చిరి, కార్బరేటరును మూడుసార్లు విప్పి కడిగిరి, పాయింట్ల సందు 0.4 మిల్లీమీటరుకు సరిచేసిరి. గుణము కనబడలేదు. “మీ మామగారి కాలమున ఇది ఒక్క చుక్కయైన కార్చియెఱుగదు,” అని అత్తగారు వసారాలోని మరకలను చూచి నొచ్చుకొనిరి. కొండయెక్కి దిగినచో ఉంచుకొందము, లేనిచో ఇచ్చివేయుదమని మావారు తీర్మానించిరి.

తెల్లవారకముందే బయలుదేరితిమి. టమోటా పెట్టెలు నింపుకొని మార్కెటునకు వచ్చు బండ్లు దారిపొడుగున ఎదురయ్యెను. మదనపల్లె యనగానే 1919లో రవీంద్రనాథ ఠాకూరు ఇచ్చటి దివ్యజ్ఞాన కళాశాలలో జనగణమనను ఆంగ్లీకరించిన సంగతి జ్ఞప్తికి వచ్చును. కాని యా ఉదయమున మా చెవులు ఇంజను పాటకే అంటుకొనియుండెను. అంగళ్లు దాటి కొండదారి పట్టితిమి. రాళ్లగుట్టలు, నడుమ నడుమ చెఱువులు, పచ్చని తోటలు ఒక్కొక్క మలుపున ఒక్కొక్క విధముగ క్రిందికి దిగిపోవుచుండెను. బండి ఇద్దరిని మోసికొని ఎచ్చటను ఆగక ఎక్కెను. మావారి ముఖము వికసించెను.

ఈ కొండకు ఏనుగు మల్లమ్మ కొండయని పూర్వనామము. ఏనుగులు పెంచిన మల్లమ్మయను బాలికకథ ఇచ్చటివారు చెప్పుకొందురు. 19వ శతాబ్దమున కడప కలెక్టరైన హార్స్‌లీ దొర ఇచ్చట వేసవిగృహము కట్టించుకొనుటచే ఆ దొరపేరే నిలిచినది. శిఖరము 4,000 అడుగులకు పైబడిన యెత్తున నున్నది. యూకలిప్టసు చెట్ల నీడను బండి నిలిపితిమి. నిలిపినదే తడవుగా ఇంజను పూనకము వచ్చినట్లు లేచెను. మావారు కార్బరేటరు మరను ఇటునటు త్రిప్పిరి. కొంత తగ్గి మరల లేచెను. బండి క్రింద అప్పుడే నాణెమంత మరక పడియుండెను.

మాకు చిన్ననాట మా తాతగారు సంస్కృతము చెప్పిరి. వైద్యశాస్త్రమున ‘నిదానము’ అనగా రోగకారణమును నిర్ణయించుట. తెలుగున నిదానమనగా తొందరలేమి. రెండవది లేనిదే మొదటిది పొసగదని తాతగారు నవ్వుచు చెప్పెడివారు. “మర త్రిప్పుట మందు మార్చుటయే గాని, రోగమెఱుగుట గాదు. నిదానించి చూతము,” అని మేమంటిమి. మావారు స్క్రూడ్రైవరు క్రిందబెట్టిరి.

ఎత్తునకు పోయిన కొలది గాలి పలుచబడును. గాలి తగ్గినచో ఇంజనుకు పెట్రోలు పాలు ఎక్కువై, ఆరోగ్యముగానున్న బండి స్లో కొంచెము మందగించవలెను. ఇది హెచ్చుచున్నది. కావున ఎచ్చటనో దొంగగాలి చొచ్చుచుండవలెనని మావారు ఊహించిరి. కార్బరేటరు ఇంజనును కలియు చోట ప్యాకింగు చుట్టును గ్రీజు దట్టముగా పూసిరి. అచ్చట సందున్నయెడల గ్రీజు దానిని మూసి స్లో మారవలెను. ఏమియు మారలేదు. గాలిదారి అది కాదు.

ఇక నూనె సంగతి. గేరుపెట్టె నూనె కారుచున్నదని మేమిదివఱకు తలచితిమి. ఇంజను ఆర్పి, చల్లారనిచ్చి, అడుగుభాగమంతయు గుడ్డతో పొడిగా తుడిచి, మా సంచిలోని ముఖమునకు రాచుకొను పౌడరును పలుచగా చల్లితిమి. రెండు నిమిషములు ఇంజను ఆడించి చూడగా, తడిచాఱ గేరుపెట్టెవైపు గాక, కుడివైపు డైనమో మూత అంచున మొదలై క్రిందికి జాఱుచుండెను. నూనె గాలికిని వాలునకును ప్రాకి వేఱొకచోట చుక్కయై రాలును. చుక్క రాలిన చోటు వేఱు, పుట్టిన చోటు వేఱు. ఆ తడిని వ్రేలికద్ది మూచూచితిమి. పలుచగా నుండెను, పెట్రోలు వాసన గొట్టెను. గేరు నూనెకు ఆ వాసనయు లేదు, ఆ పలుచదనమును లేదు.

మావారు కొంతసేపు మాటలాడలేదు. ఈ బండికి లీటరు పెట్రోలులో సుమారు 40 మిల్లీలీటర్ల నూనె కలిపి పోయుదురు; లోని పనిముట్లకు ఆ నూనెయే ప్రాణము. ఆ మిశ్రమమే కుడివైపున బయటికి వచ్చుచున్నదన్నచో, ఆ దారినే గాలి లోనికి పోవుచుండవచ్చును.

“దిగుడే గదా, మెల్లగా పోవుదము,” అనిరి వారు.

ఇచ్చట మేము ఒప్పుకొనలేదు. ఎక్సిలరేటరు మూసి దిగునప్పుడు ఇట్టి ఇంజనుకు పెట్రోలుతోపాటు నూనెయు తగ్గిపోవును. దానికి దొంగగాలి తోడైనచో పిస్టను వేడెక్కి పట్టివేయవచ్చును. మలుపులో వెనుకచక్రము బిగిసినచో లోయ ప్రక్కనే యున్నది. ఇంజనాపి బ్రేకులను నమ్ముకొందమన్నను, అన్ని మలుపులు దిగుసరికి పాత డ్రమ్ము బ్రేకులు కాలిపోవును. “బండి ఓడినను సరే, మనము ఓడవలదు,” అంటిమి. హోటలునకు కూరలు దింపి ఖాళీగా దిగిపోవు చిన్న లారీ దొరకినది. బండిని మోకులతో కట్టి, దానిప్రక్కనే కూర్చుండి దిగితిమి. మావారు దారిపొడుగున మాటలాడలేదు. అమ్మివేయుటకే నిశ్చయించిరని మేమనుకొంటిమి.

మఱునాడు ఊరిలోని వృద్ధ మెకానిక్కు సాయెబుగారి యొద్దకు తీసికొనిపోయితిమి. ఆయన పౌడరు కథ విని నవ్వి, “అమ్మా, నా పిల్లలకు ఇదే నేర్పుచున్నాను, వినరు,” అని డైనమో మూత విప్పెను. లోపల నూనె మంచువలె పట్టియుండెను. పాయింట్లు సైతము జిడ్డుగ నుండెను. డైనమోను ఊడదీసి, క్రాంకు ఇరుసుచుట్టునున్న రబ్బరు ఆయిలు సీలును పెఱికి మా చేతిలో పెట్టెను. మెత్తగా ఇరుసును హత్తుకొనవలసిన దాని పెదవి వడియమువలె బిరుసెక్కి చిట్లియుండెను.

ఆయన విడమరచి చెప్పినది మాకు బాగుగ మనసునకెక్కినది. ఇట్టి ఇంజనులో పిస్టను క్రింది గది కంసాలి కొలిమితిత్తివంటిది. పిస్టను లేచునప్పుడు పీల్చును, దిగునప్పుడు ఊదును. తిత్తికి చిల్లిపడినచో ఊదునప్పుడు నూనె బయటికి వచ్చును, పీల్చునప్పుడు గాలి లోనికి పోవును. పెట్రోలు ఆవిరైపోగా నూనె మరకయై మిగులును. ఆ గాలియే స్లోను చెఱచును. వేగముగా పోవునప్పుడు కార్బరేటరుగుండ వచ్చు గాలి అధికము గనుక దొంగగాలి లెక్కకు రాదు. నిలిపినప్పుడు అదియే పెత్తనము చేయును. మేము రెండనుకొన్న దోషములకు మూలము ఒక్కటియే.

“ఎడమవైపు సీలు పోయినచో గతియేమి?” అని మావారడిగిరి.

“అయ్యవారూ, అప్పుడు గేరుపెట్టె నూనెను ఇంజను త్రాగును. క్రింద కారదు, వెనుక తెల్లని పొగ దట్టముగా వచ్చును, ప్లగ్గు తడిసిపోవును, గేరుపెట్టెలో నూనె తఱుగును. ఇది పోయినప్పుడు దాని యీడుది మాత్రము ఎన్నాళ్లుండును? రెండును మార్చుదము.”

ఇరుసును పట్టి పైకిని క్రిందికిని ఊపి చూచెను. బేరింగు వదులైనచో క్రొత్త సీలు నెలకూడ నిలువదట. అదృష్టవశమున గట్టిగ నుండెను. ఇప్పుడు పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది గావున, దానికి ఓర్చు రబ్బరు సీళ్లనే తెప్పించెను. ఇది తయారుచేసినవారి తప్పుగాదు. రబ్బరునకును ఆయువున్నది; పదేండ్లు గోనెపట్టా క్రింద ఊరక పడవైచినది మేమే.

మార్గశిరమున మరల కొండయెక్కితిమి. ఆ యూకలిప్టసు చెట్లక్రిందనే నిలిపితిమి. స్లో కొంచెము మందగించినది. ఎత్తునకు అది సహజమే. మావారు మరను పావుచుట్టు త్రిప్పగా గడియారమువలె ఆడసాగెను. మేము తెచ్చిన ఫలాహారము తిని, మల్లమ్మను దర్శించుకొని, మధ్యాహ్నమునకు బండిపైననే దిగితిమి. వాలులో నడుమ నడుమ ఎక్సిలరేటరు కొంచెము విప్పుచు ఇంజనుకు నూనె అందునట్లు చూచుకొంటిమి.

ఆ రాత్రి అత్తగారు తామే బండిక్రింద పాత వార్తాపత్రిక నొకటి పఱచిరి. తెల్లవారి లేచి చూడగా కాగితము పొడిగా నుండెను. దానిని మడిచి బీరువాపై పెట్టి, “ఇక అమ్ము మాట ఎత్తవలదు నాయనా,” అని కుమారునితో చెప్పి ముగ్గు వేయుటకు పోయిరి.