నబ్జ్

మా నానా హకీం. మరీజ్ వచ్చి కూర్చోగానే మణికట్టు పట్టుకునేవారు కాదు. "రాత్రి నిద్ర పట్టిందా? ఇంట్లో అందరూ ఖైరియతేనా?" అని అడిగాకే నబ్జ్ చూసేవారు. చిన్నప్పుడు నాకది వట్టి కాలక్షేపం అనిపించేది.

పోయిన నెల మా భాంజా వచ్చాడు. పగలు నౌకరీ, రాత్రి ఓపెన్ సోర్స్. అంటే కోడ్ అందరికీ కనిపించే, ఎవరైనా వాడుకోగలిగే సాఫ్ట్‌వేర్. వాడు రాసిన చిన్న ప్రోగ్రామును ఎవరెవరో వాడుతున్నారట. పనిచేసిన ప్రతిరోజుకూ ఒక పచ్చ గడి. ఏడాది పొడవునా పచ్చదనమే. "మాషా అల్లాహ్, ఎంత మెహనత్‌రా!" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

ఇలాంటి ప్రాజెక్టుల సెహత్ కొలవడానికి పెద్ద హిసాబే ఉందట. లినక్స్ ఫౌండేషన్ కింద 2017 నుంచి 'కేయాస్' అనే ప్రాజెక్టు పని అదే. అడిగినదానికి జవాబు ఎన్నాళ్లకు వస్తోంది, కొత్తవాళ్లు చేరుతున్నారా, బస్ ఫ్యాక్టర్ ఎంత. ఈ చివరిది విని తౌబా అనుకున్నాను. కనీసం ఎంతమంది బస్సు కింద పడితే పని ఆగిపోతుందో, ఆ లెక్క!

"మరి నీది?"

"ఒకటి, మామూ."

ఎక్స్‌జెడ్ కథ అప్పుడే చెప్పాడు. ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్, లినక్స్ కంప్యూటర్లలో చాలావాటిలో ఉంటుంది. ఫిన్లాండ్‌కు చెందిన లాసె కాలిన్ ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా, తన్ఖా లేకుండా చూసుకున్నారు. 2022లో ఆలస్యమవుతోందని కొందరు వెంటపడితే, తన తబియత్ బాగాలేదని అందరికీ తెలిసేలా రాశారు. అప్పటికే జియా టాన్ పేరుతో ఎవరో మదద్ చేస్తున్నారు. మెల్లగా తాళాలు ఆ చేతికి వెళ్లాయి. 2024 ఫిబ్రవరి, మార్చి విడుదలల్లో దొంగదారి వచ్చి చేరింది. లాగిన్‌కు అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని తవ్విన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు మార్చి 29న దాన్ని బయటపెట్టారు.

ఆ రెండేళ్లూ అంకెలు మాత్రమే చూసినవాళ్లు షిఫా అయిందనే అనుకుంటారు. ఒకరున్న చోట ఇద్దరయ్యారు, పని పెరిగింది, విడుదలలు వచ్చాయి. అంకెలు ఝూట్ చెప్పలేదు. ఆయన తబియత్‌కు మాత్రం ఏ గడీ లేదు. (నేనూ విలేకరినే, అంకె దొరికితే హెడ్డింగ్ దొరికినట్టే మాకు.)

వాడి పచ్చ గళ్లు మళ్లీ చూశాను. ఈద్ రోజు కూడా ఖాళీ లేదు.

"ఎవరో వెంటనే సరిచెయ్యమని ఒకటే గొడవ, మామూ."

"రాత్రిళ్లు నిద్ర పడుతోందా?"

వాడు ఫోన్ బోర్లించాడు. కాసేపాగి, "అమ్మీకి చెప్పొద్దు" అన్నాడు.