నేను ఓడిపోయిన పందెం

విజయవాడలో నేను ఏడో తరగతి చదువుతున్నప్పుడు, మా తరగతిలో పల్నాటి వైపు కుర్రాడొకడు ఉండేవాడు. మేనమామగారింట్లో ఉండి చదువుకునేవాడు. ఒకనాడు పాఠంలో గోలకొండ వజ్రాల సంగతి వచ్చింది. సాయంత్రం ఇళ్ళకు పోతూ ఉండగా వాడు, "ఒరే, గోలకొండలో వజ్రాలెక్కడివిరా? అవి మా కొల్లూరువి. మా తాత చెప్పాడు," అన్నాడు.

మేమంతా పకపకా నవ్వాం. నేను పుస్తకం తెరిచి, "ఇదుగో, గోలకొండ వజ్రాలని అచ్చులో ఉంది. మీ కొల్లూరు ఎక్కడుందో చూపించు!" అన్నాను. డజను నూజివీడు రసాలు పందెం వేసుకున్నాం. పుస్తకంలో కొల్లూరు పేరు లేదు గనక నేనే గెలిచానని అందరూ తీర్పు చెప్పారు. వాడు మారుమాట్లాడక, మేనమామను అడిగి పండ్లు తెచ్చి ఇచ్చాడు. నేను తిన్నాను. అంతటితో ఊరుకున్నామా? ఆనాటినుంచి వాణ్ణి "వజ్రాలు" అని పిలవసాగాం. ఏడాది చివర వాడు ఊరికి వెళ్ళిపోయేదాకా వాడి అసలు పేరు మాలో ఎవరూ పలకలేదు.

చాలా ఏళ్ళ తరవాత, టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడి ప్రయాణాల పుస్తకం నా చేతికి వచ్చింది. ఆయన 17వ శతాబ్దంలో రత్నాల వ్యాపారం మీద మన దేశానికి చాలాసార్లు వచ్చాడు. గోలకొండనుంచి తూర్పుగా ఏడు రోజుల ప్రయాణంలో ఒక వజ్రాల గని ఉన్నదనీ, దాన్ని అక్కడివాళ్ళు తమ భాషలో "గని" అనీ, పారశీకంలో "కూలూరు" అనీ అంటారనీ ఆయన రాశాడు. చదువుతూనే నేను ఉలిక్కిపడ్డాను. "గని" అనేది ఊరి పేరు కాదు, మన తెలుగు మాటే గదా! ఇక కూలూరంటే కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరే. మా వజ్రాలు చెప్పినది నిజం!

ఆ గని బయటపడిన కథ కూడా టావెర్నియే చెప్పాడు. ఆయన రావటానికి దాదాపు నూరేళ్ళ ముందు, ఒక పేదవాడు చిరుధాన్యం చల్లుకుందామని నేల తవ్వుతూ ఉంటే రాయి ఒకటి దొరికిందట. అది సుమారు 25 క్యారట్ల వజ్రం! ఇంకేం, జనం వచ్చిపడ్డారు. ఆయన మొదటిసారి చూచినప్పుడు అక్కడ దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారు. మగవాళ్ళు నేల తవ్వేవాళ్ళు, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోసేవాళ్ళు. పది పన్నెండు అడుగులు తవ్వి, నీరు పడితే ఆపేవాళ్ళు. ఆ మట్టిని కడిగి, ఎండబెట్టి, మనం ధాన్యం చెరిగినట్టు చెరిగి, మిగిలినదానిలో వజ్రాలు ఏరేవాళ్ళు. 1848లో కాలిఫోర్నియాలో బంగారం కనిపించగానే జనం ఎగబడటంతో, సాన్‌ఫ్రాన్సిస్కో అనే చిన్న ఊరు చూస్తూ ఉండగానే పట్నమైపోయింది. అంతకు రెండు వందల ఏళ్ళ ముందే మన కృష్ణ ఒడ్డున అంత సందడీ జరిగిందన్న మాట.

మరి వాటికి గోలకొండ వజ్రాలని పేరెందుకు వచ్చింది? గనులున్న సీమకు రాజు గోలకొండ సుల్తాను. వజ్రాల బేరసారాలు సాగినది అక్కడ. నూజివీడు చుట్టుపక్కల ఏ ఊరి తోటలో కాసినా, బజారులో అవి నూజివీడు మామిడిపండ్లే గదా! ఇదీ అంతే. పైదేశాల వర్తకులు సరుకు దొరికిన చోటి పేరే సరుకుకు పెట్టారు. చివరకు ఇంగ్లీషులో "గోల్కొండ" అంటే తరగని సంపద అని అర్థం ఏర్పడింది. అమెరికాలో నెవాడా రాష్ట్రాన గనుల ఊరు ఒకదానికి గోల్కొండ అని పేరు కూడా ఉన్నది. గోలకొండ కొండ మీద మాత్రం వజ్రాల గని లేనే లేదు. మట్టి మోసిన పిల్లల ఊరి పేరు ఏ దేశమూ పోలేదు.

ఆ ఊరు ఇప్పుడు నీళ్ళలో ఉన్నది. ప్రకాశం బారేజికి సుమారు 85 కిలోమీటర్ల ఎగువన, కృష్ణ మీద పులిచింతల ఆనకట్ట కట్టి, 2013 డిసెంబరులో ప్రారంభించారు. కంకిపాడులో పుట్టిన గొప్ప ఇంజనీరు కె.ఎల్. రావుగారి పేరు ఆ జలాశయానికి పెట్టారు. మన డెల్టా రైతులకు అదనుకు నీరందించటానికే దాన్ని కట్టారు. ఆ నీటిలో కొల్లూరు మునిగింది. అక్కడివాళ్ళు ఇళ్ళూ పొలాలూ విడిచి వేరే చోట్లకు తరలిపోయారు.

ఈ సంగతి తెలిశాక నాకు మనసు మనసులో లేదు. వాకబు చేసి, వేసవిలో రెండు డజన్ల రసాలు కొనుక్కుని వాడున్న ఊరికి వెళ్ళాను. వాకిట్లో నిలబడి వాడి అసలు పేరు పెట్టి పిలిచాను. వాడు బయటికి వచ్చి, నన్నూ బుట్టనూ చూచి, "పందెం డజనేగదరా?" అన్నాడు.

"రెండో డజను వడ్డీ," అన్నాను.

ఇద్దరం అరుగు మీద కూచుని పండ్లు తిన్నాం. ఈ కథంతా పిల్లల పత్రికకు రాస్తానని చెబితే వాడు కాసేపు ఆలోచించి, "నా పేరెందుకు గాని, ఊరి పేరు రాయి," అన్నాడు.

అందుకే రాశాను. ఆ ఊరి పేరు కొల్లూరు.